అల్లుడు రాని ఎదురుకోళ్ళు

సెప్టెంబరు 2, మంగళవారం

ఒంట్లో ఎలా ఉందో, ఏం పని చేశామో రోజూ రాసి పంపాలని కింద కేంద్రంవాళ్ళ ఆర్డరు. ఒంట్లో బాగుంది. పని, చెత్త మూటలు కట్టడం. ఇక్కడితో ఆపితే డాక్టర్ ఫర్హానా ఊరుకోదు. "శేషు గారూ, మాట్లాడితే గంట, రాస్తే ఒక గీతా?" అంటుంది. అందుకని వివరంగానే రాస్తాను, చదివేవాళ్ళ ఖర్మ.

భూమి చుట్టూ తిరిగే ఈ తూనీగ అనే ఇంట్లో మేం పన్నెండుమందిమి. డాక్టరమ్మా, ఇద్దరు ఇంజినీర్లూ తప్ప మిగతా అందరం కండరాల జబ్బు మనుషులమే. కింద ఉన్నన్నాళ్ళూ నేను మంచం దిగి ఎరగను. మెడ తిప్పేదాన్ని, వేళ్ళు కదిపేదాన్ని, నోరు మాత్రం ఏ లోటూ లేకుండా పనిచేసేది. ఇక్కడ బరువన్నదే లేదు గనక, ఒక్క వేలితో గోడను తోస్తే చాలు, వంటింట్లోంచి కిటికీ దాకా తేలుకుంటూ పోతాను. ముప్పై ఎనిమిదో ఏట ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఒంటరిగా వెళ్ళాను, జీవితంలో మొదటిసారి. ఆ రోజు అలా ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. చివరికి డాక్టరమ్మ కోప్పడి పడుకోబెట్టింది.

ఇక చెత్త సంగతి. నాలుగైదు నెలలకోసారి కిందనుంచి సరుకుల ఓడ వస్తుంది. అందులో మనుషులెవరూ ఉండరు, తనంతట తనే వచ్చి మా గుమ్మానికి అతుక్కుంటుంది. బియ్యం, మందులు, నీళ్ళు తెస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఇంధనం తెస్తుంది. మా ఇల్లు రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతూ ఉంటుంది మరి. ఓడ ఇంజను వెలిగించి మళ్ళీ పైకి నెట్టించుకుంటాం. ఈ ఏడాది సూర్యుడు రెచ్చిపోతున్నాడు. ఆ వేడికి భూమి మీది గాలి పొంగి మా దాకా వస్తోందట, అది రాసుకుని ఇల్లు మామూలుకంటే తొందరగా జారుతోంది. సరుకులన్నీ అయిపోయాక ఓడలో మా చెత్తంతా కుక్కి వదిలేస్తాం. అది కిందికి పోతూ పోతూ కాలిపోతుంది.

ఈ ఓడని మేం అల్లుడు అంటాం. ఆ పేరు పెట్టింది మా ఆయన ఓదెలు. పెద్దపల్లి దగ్గరి మనిషి, మాటకు మాట అంటించకుండా ఉండలేడు. "వచ్చి గుమ్మం పట్టుకుంటే కదలడు, మర్యాదలన్ని జేయించుకుంటడు, పోయేటప్పుడు ఇల్లంత ఊడ్సి మూట గట్టుకపోతడు. అల్లుడు గాక మరేంది?" అని ఆయన వాదన. అల్లుడన్నాక ఎదురుకోళ్ళు ఉండాలి కదా. పెళ్ళిలో మగపెళ్ళివారికి ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, నాలుగు వేళాకోళాలాడి లోపలికి తీసుకొస్తారే, అదన్నమాట. ఓడ దగ్గరపడుతుంటే మేమంతా పానకం సంచులు పట్టుకుని గుండ్రటి కిటికీ దగ్గర చేరతాం. బెల్లం తక్కువైందని ఒకరు, మిరియం గొంతుకు పట్టిందని ఒకరు. లోపల మనిషే లేని ఓడని పట్టుకుని నల్లగా ఉన్నాడనీ, పొట్ట ఉందనీ దెప్పుతాం. కిందవాళ్ళు మొదట్లో మాకు మతి పోయిందనుకున్నారు.

మాదే ఇక్కడ జరిగిన మొదటి పెళ్ళి, ఆరేళ్ళయింది. ఆ రోజు పోసిన తలంబ్రాలు గాలి జల్లెడల్లో నెల్లాళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. ఇంజినీర్లు ఇప్పటికీ మమ్మల్ని క్షమించలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

కేంద్రం నుంచి నాగభూషణం గారు మాట్లాడారు. మా మంచిచెడ్డలు చూసే ఆఫీసరు ఆయన. ఎల్లుండి కొత్త ఓడ బయలుదేరుతుందనీ, మా దగ్గరికి చేరడానికి రెండు రోజులు పడుతుందనీ చెప్పారు. "పాత ఓడను ఎప్పుడు వదలమంటారు? దాంట్లో ఇంకా కాస్త ఇంధనం మిగిలి ఉంది. మాకైతే తొందరేం లేదు, మీ ఇష్టం" అన్నారు.

ఇలాంటివన్నీ ఇంట్లో అందరం కూర్చుని చెయ్యెత్తి తేల్చుకుంటాం. ఓదెలుకు అసలు సందేహమే లేదు. "పెండ్లోల్లు ఆళ్ళింట్ల బయలెల్లేటాల్లకు మనిల్లు సాఫుగ ఉండాలె. పాత అల్లుడు గుమ్మంల కూసోనుండంగ కొత్త అల్లునికి ఎదురుకోళ్ళు జేస్తరా ఏడనన్న?" అన్నాడు. ఎప్పుడూ చేసేదీ అదే, ప్రయోగం రోజు పొద్దున్నే పాతదాన్ని సాగనంపుతాం. విజయనగరం అప్పలనరసమ్మ గారు మా అందరిలోకీ పెద్దావిడ. ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. "ఓలమ్మో, ఆ సెత్త కంపు నాను బరించలేను. పంపించీండి బాబూ" అంది.

ఇంజినీరు కుర్రాడు సుధీంద్ర ఒక్కడే నసిగాడు. కొత్తది గుమ్మం దాకా వచ్చాక వదిలితే ఏం పోయిందన్నాడు. "నీకింక పెండ్లి గాలే బిడ్డా, నీకేం దెలుస్తది మర్యాద" అన్నాడు ఓదెలు. అందరం నవ్వాం. పాపం సుధీంద్ర కూడా నవ్వి చెయ్యెత్తాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దున్నే పాత అల్లుడిని సాగనంపాం. "పోయిరా నాయనా, మళ్ళీ రావద్దు" అన్నాను నేను.

పదకొండింటికి ప్రయోగం. తెర ముందు అందరం చేరాం. ఓదెలు పానకం సంచులు మెడకు దండలా కట్టుకుని వచ్చాడు. ఇంట్లో మిగిలిన బెల్లమంతా దాంట్లోనే పోశాను, కొత్త బెల్లం వస్తోంది కదా అని. దోసావకాయ కూడా వస్తోంది, అప్పలనరసమ్మ గారికి కొత్త కళ్ళజోడు వస్తోంది.

మంట కనిపించింది, ఓడ లేచింది. కింద ఒకాయన మైకులో అంకెలు చదువుతూ ఉంటాడు, ఎంత ఎత్తు, ఎంత వేగం అని. ప్రతి అంకె తరువాతా "అంతా సవ్యం" అంటాడు. ఆ గొంతు మాకు అలవాటే. పెళ్ళిలో మంత్రం అర్థం కాకపోయినా వింటామే, అలా వింటూ ఉంటాం. మొదటి అంచె ఊడిపడింది, సవ్యం. రెండో అంచె వెలిగింది, సవ్యం. తరువాత ఒక అంకె చదివాడు, సవ్యం అనలేదు. మళ్ళీ అదే అంకె చదివాడు. ఆ తరువాతి అంకె ముందుదానికంటే చిన్నది.

ఆ మనిషి చదవడం ఆపేశాడు.

"ఏటి, మాటాడడేటి ఆ బాబు?" అంది అప్పలనరసమ్మ గారు. సుధీంద్ర రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, అప్పుడు తెలిసింది నాకు. తెర మీద సముద్రం, ఆకాశం, ఏమీ లేని ఆకాశం, దాన్నే చూపిస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి నాగభూషణం గారి గొంతు వినిపించింది. "తూనీగా, వింటున్నారా? ఓడ మనకు దక్కలేదమ్మా. సముద్రంలో పడిపోయింది." మనుషులెవరూ లేరు కాబట్టి ప్రాణనష్టం లేదని కూడా అన్నారు. అది ఆయన రూలు ప్రకారం చెప్పాల్సిన మాట కాబోలు.

ఓదెలు మెడలో సంచులు అలాగే ఉన్నాయి. పారేద్దామంటే చెత్త వెయ్యడానికి ఓడ లేదు. తలా ఒకటి తీసుకుని తాగాం. బెల్లం బాగా పడింది, ఆ ఒక్కరోజూ ఎవరూ వంక పెట్టలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

రెండో అంచె ఇంజను వెలిగి మధ్యలో ఆరిపోయిందట. ఎందుకో తేలేదాకా ఆ రకం రాకెట్లు ఏవీ ఎగరవు. తేలడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం అన్నారు నాగభూషణం గారు. తిండికి ఇబ్బంది లేదు, సర్దుకుంటే సంక్రాంతి దాటుతుంది. ఇబ్బందల్లా ఇల్లు జారిపోవడమే. ఇప్పుడు మమ్మల్ని పైకి నెట్టే ఇంజనంటూ ఏదీ లేదు.

సుధీంద్ర లెక్కలు కట్టి తెచ్చాడు. ఈ సూర్యుడి ఉద్ధృతి ఇలాగే ఉంటే కార్తీకం నాటికి మేం కాలిపోయే ఎత్తుకి దిగిపోతాం. అంతకుముందే ఇల్లు వదిలి, గుమ్మం పక్కన కట్టేసి ఉంచిన దిగుడు నావల్లో కిందికి పోవాలి.

"పాత ఓడలో మిగిలిన ఇంధనం ఉంటేనో?" అని ఎవరో అడిగారు. అడగకుండా ఉండాల్సింది. సుధీంద్ర కాగితం కేసి చూస్తూ, "రెండుసార్లు నెట్టేది. వేసవి దాకా ఆగేవాళ్ళం" అన్నాడు. ఆ లోపు ఇంకో రాకెట్టు తప్పకుండా వచ్చేదట.

అప్పుడు అందరం ఒక పని చేశాం. ఎవరూ ఓదెలు వైపు చూడలేదు. అంత చిన్న గదిలో ఒక మనిషి వైపు చూడకుండా ఉండటం కూడా పెద్ద పనే. నేనూ చూడలేదు.

సెప్టెంబరు 13, శనివారం

ఆకాశంలో ఇంకా రెండు ఇళ్ళున్నాయి, వేరే దేశాలవి. మమ్మల్ని ఉంచుకుంటారా అని కేంద్రంవాళ్ళు అడిగారు. ఒకరు చోటు లేదన్నారు, ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. అక్టోబరు నడుమ దిగిపోవాలని ఖాయం చేశారు.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు వేసింది. "మెత్తగా చెప్పమంటారా, ఉన్నదున్నట్టు చెప్పమంటారా?" అంది.

"మెత్తగా చెబితే నాకు అర్థం కాదమ్మా."

"ఓదెలు గారికి జబ్బు ఛాతీలోనే ఎక్కువ. ఇక్కడ ఛాతీ మీద బరువు లేదు కాబట్టి, మిగిలిన కాస్త బలంతో ఊపిరి తీసుకుంటున్నారు. ఈ ఎనిమిదేళ్ళలో ఆ బలం కూడా తగ్గింది. కిందికి వెళితే ప్రతి ఊపిరికీ ఆయన ఛాతీని ఆయనే ఎత్తుకోవాలి. యంత్రం పెడతాం, అది గాలిని లోపలికి నెడుతుంది. అయినా కొన్నాళ్ళే."

"కొన్నాళ్ళంటే?"

"వారాలు అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు శేషు గారూ."

నా సంగతి అడిగాను. నాకు ప్రాణభయం లేదట, మళ్ళీ మంచమే, అంతే. ఆ మాటకు నేను సంతోషించాలి కాబోలు. డాక్టరమ్మ ఏడుస్తుంటే నేనే ఓదార్చి బయటికి వచ్చాను. ఓదెలు వంటింట్లో ఉప్మా కలుపుతున్నాడు. "ఏమందే డాక్టరమ్మ?" అన్నాడు. నీకు బరువు తగ్గమని చెప్పమంది అన్నాను. ఇక్కడ బరువేందని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, దాంతో అర్థమైపోయింది ఆయనకి.

సెప్టెంబరు 18, గురువారం

ఈ రోజు నేను చేసిన పని, మా ఆయన మీద అరవడం. కింద చదివేవాళ్ళు ఇది కూడా చదువుకోండి.

పొద్దున గుమ్మం తలుపు గాజును తుడుస్తూ కనిపించాడు. ఎవరొస్తారని తుడుస్తున్నాడు? నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ ఎదురుకోళ్ళు తగలెయ్య! ఇల్లు సాఫుగా ఉండాలట, సాఫుగా! ఇంకో నెల ఆగు, ఇల్లూ ఉండదు, నువ్వూ ఉండవు, అప్పుడు ఉంటుంది సాఫుగా!" అన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను కానీ ఏం లాభం, మాట పెదవి దాటిపోయింది.

ఆయన గుడ్డ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వన్న అన్నవు శేషూ. పదిదినాల సంది ఒక్కరన్న అంటరేమోనని సూస్తున్న. అందరు ఊకుంటున్రు. ఆ ఊకుండుడుకే నాకు ఊపిరాడుతలేదు" అన్నాడు.

ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. ఆ ఇంధనం ఉంచుకుంటే బతికేవాడివి కదయ్యా అన్నాను. "అవు" అన్నాడు, అంతే. సాకులు చెప్పలేదు, దేవుడి మీద తొయ్యలేదు. నేను కోప్పడ్డానని ఆయనకు ఎంత హాయిగా ఉందో మొహంలో కనిపించింది, అది చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. నాకీ మనిషి కావాలి. తప్పు చేశాడో, అందరం కలిసి చేశామో, నాకు అనవసరం. నాకు కావాలి, అంతే.

సాయంత్రం అన్నాల దగ్గర ఆయనే ఎత్తాడు. "సుధీంద్రా, నువ్వు జెప్పినవు. నేను ఇననైతి. పెండ్లి గాలేదని ఎక్కిరిస్తిని. మాఫ్ జెయ్యి బిడ్డా."

సుధీంద్ర గబగబా, "నేనూ చెయ్యెత్తాను ఓదెలు గారూ. ఇంజినీరుని నేను, మీరు కాదు. మీరందరూ నవ్వుతున్నారని ఎత్తేశాను" అన్నాడు. అప్పలనరసమ్మ గారు చెంచా బల్లకేసి కొట్టింది. "ఒకలేటి, అందరం సేతులెత్తినాం. ఆ కంపు బరించలేనని నాను అన్లేదేటి? ఇంకా ఆ మాటొద్దు. ఆడిని అన్నం తిన్నియ్యండి" అంది. ఆ పూట ఓదెలు కడుపు నిండా తిన్నాడు.

సెప్టెంబరు 25, గురువారం

బరువు అలవాటు చేస్తున్నారు. నడుముకీ భుజాలకీ సాగే పట్టీలు కట్టి నేలకు బిగిస్తారు, అవి కిందికి లాగుతుంటాయి. భూమి మీది బరువులో ఇది పావు వంతు కూడా కాదట. నేను అరగంట ఉన్నాను. ఒళ్ళంతా పాత శత్రువును గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అని ఎవరో మీద కూర్చున్నట్టు ఉంది.

ఓదెలుకు కట్టాక, నాలుగు ఊపిర్లు తీశాడు. ఐదోదానికి నోరు తెరిచాడు కానీ గాలి లోపలికి పోలేదు. డాక్టరమ్మ పట్టీలు కోసేసింది, విప్పేంత వ్యవధి కూడా లేదు. తేలి పైకి వచ్చాక మొహానికి రంగు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక మొదటి మాట, "పట్టీలు పాడు జేస్తివి గదా డాక్టరమ్మా, గవి మళ్ళ ఎట్ల వస్తయి?" అని. డాక్టరమ్మ బయటికి వెళ్ళిపోయింది.

ఇక ఆయనకి అలవాటు చెయ్యొద్దని నిర్ణయించారు. అలవాటయ్యేది కాదు కనక.

అక్టోబరు 2, గురువారం

నాగభూషణం గారితో యుద్ధం చేశాను. కింద మా కోసం ఆసుపత్రిలో ఏర్పాట్లు చెబుతున్నారు, ఎవరికి ఏ గది, ఏ యంత్రం. వింటూ వింటూ ఉంటే ఓదెలు మగవాళ్ళ వార్డులో, నేను ఆడవాళ్ళ వార్డులో అని వచ్చింది. మధ్యలో రెండు అంతస్తులు.

"అది ఆసుపత్రి నియమం అమ్మా" అన్నారు.

"బాబూ, నేను అక్కడ ఎన్ని అంతస్తులు ఎక్కగలనో మీకు తెలుసు కదా. మంచం మీద పక్కకి తిరగడానికే ఇద్దరు మనుషులు కావాలి. ఆయనకు ఎన్ని రోజులున్నాయో డాక్టరమ్మ మీకు రాసే ఉంటుంది. ఆ రోజులన్నీ ఆయన ఎలా ఉన్నాడమ్మా అని వచ్చినవాళ్ళనల్లా అడుక్కుంటూ పడి ఉండమంటారా? నన్ను ఆయన పక్కన పడుకోబెడతారా, లేకపోతే మేమిద్దరం ఈ ఇంట్లోంచి కదలం. వచ్చి ఎత్తుకెళ్ళండి."

ఆయన కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత, "ఆ రోజు పాత ఓడ వదలడం మీ ఇష్టం అన్నాను. అలా అనకుండా ఉంచండి అని గట్టిగా చెప్పి ఉండాల్సింది. రోజూ అదే అనుకుంటున్నానమ్మా" అన్నారు. సాయంత్రం కబురు పంపారు, ఇద్దరికీ ఒకే గది, పక్కపక్క మంచాలు అని.

ఓదెలుకి చెప్పాను. "అబ్బో, ఆఫీసర్లతోని కొట్లాడి పట్టె మంచం దెచ్చినవా?" అన్నాడు. చాలా రోజులకి గట్టిగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

అక్టోబరు 14, మంగళవారం

ఇది ఇక్కడి నుంచి రాసే చివరిది. మధ్యాహ్నం దిగుతున్నాం.

మనిషికి ఒక చిన్న సంచి. నేను రెండు చీరలూ, పెళ్ళినాటి తలంబ్రాల బియ్యం కాసినీ పెట్టుకున్నాను. కిటికీ దగ్గరికి అందరం ఒకళ్ళ తరువాత ఒకళ్ళం వెళ్ళాం. అప్పలనరసమ్మ గారు వంటింటి నుంచి చివరి గది దాకా, చివరి గది నుంచి వంటింటి దాకా ఆగకుండా తేలుతూనే ఉంది, గుడిలో ప్రదక్షిణాలు చేసినట్టు. ఎవరూ ఆపలేదు. నాకూ చెయ్యాలనిపించింది. వెళ్ళి ఆవిడ వెనకే తిరిగాను. నా ఒళ్ళు నా మాట విన్న ఇల్లు ఇది. ఇంకో రెండు వారాల్లో ఇది మండుతూ సముద్రంలో పడుతుంది, సరిగ్గా ఎక్కడ పడేదీ ఇంకా లెక్కకడుతున్నారు.

ఇల్లంతా చిందరవందరగా ఉంది, సంచులూ కాగితాలూ గాలిలో తేలుతున్నాయి. ఓదెలు వాటిని చూస్తూ ఉన్నాడు. ఊడవమంటావా అన్నాను. "ఇగ ఎవరస్తరని ఊడ్సుడు" అన్నాడు.

నాకు భయంగా ఉంది. రాసి పెడుతున్నాను, భయంగా ఉంది.

అక్టోబరు 17, శుక్రవారం

ఇది నేను రాయడం లేదు. నేను చెబుతుంటే యంత్రం రాసుకుంటోంది.

దిగాం. అందరం ప్రాణాలతో ఉన్నాం. ఒంట్లో ఎలా ఉందంటే, రెప్పలు బరువు, నాలుక బరువు, కప్పిన దుప్పటి తడి గోనెలా ఉంది. నీళ్ళు చెంచాతో పోస్తే అవి గొంతులోకి వాటంతట అవే పడిపోవడం వింతగా ఉంది. మెడ తిరుగుతోంది, వేళ్ళు కదులుతున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట ఎక్కడ వదిలి వెళ్ళానో అక్కడికే వచ్చాను.

నాగభూషణం గారు మాట నిలబెట్టుకున్నారు. ఓదెలు నా పక్క మంచంలోనే ఉన్నాడు. మొహం నిండా మాస్కు, పక్కన యంత్రం. యంత్రం బుస్సుమంటే ఛాతీ లేస్తుంది, ఆగితే పడుతుంది. మాట్లాడటానికి లేదు. కళ్ళు మాత్రం నా వైపే. నేనే మాట్లాడుతున్నాను, ఆ సంగతి కొత్తేమీ కాదు. కిటికీలోంచి వేపచెట్టు కొమ్మ కనిపిస్తోందని చెప్పాను. చారులో ఉప్పు లేదని చెప్పాను. ఒకసారి కళ్ళు నవ్వాయి.

అక్టోబరు 20, సోమవారం

డాక్టరమ్మ కూడా దిగినప్పటి నుంచీ సరిగా నడవలేకపోతోంది, గోడ పట్టుకుని వచ్చి చూసిపోయింది. ఓదెలును చూసి నన్ను చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండు మంచాల మధ్య నర్సు నిలబడేంత సందు ఉంది, మూరెడు. ఆయన కుడి చెయ్యి మంచం అంచున ఉంది. నాది ఎడమ చెయ్యి, నా మంచం అంచున. పొద్దుటి నుంచీ ఆ సందునే చూస్తున్నాను. అక్కడైతే ఇంటి ఆ చివర నుంచి ఈ చివరకి రెప్పపాటులో వచ్చేదాన్ని. ఇక్కడ మూరెడు దాటలేకపోయాను. ఆయనా ప్రయత్నించాడు, నేను చూశాను. వేళ్ళు దుప్పటి మీద కాస్త పాకి ఆగిపోయాయి.

మధ్యాహ్నం నర్సు వచ్చింది. సలోమి అని, చిన్నపిల్ల. ఏమైనా కావాలా ఆంటీ అంది. అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాను. "మా ఆయన చెయ్యి తీసి నా చేతిలో పెట్టమ్మా."

ఆ పిల్ల నా మంచాన్ని ఆయన మంచానికి ఆనేదాకా జరిపింది. ఆయన చేతిని రెండు చేతులతో ఎత్తి తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

నేను అదిరిపడ్డాను. పెళ్ళయి ఆరేళ్ళు. మా ఆయన చెయ్యి ఇంత బరువుంటుందని నాకు తెలియదు. అక్కడ అది వేడిగా ఉండేది, గరుగ్గా ఉండేది, బరువు మాత్రం ఎప్పుడూ లేదు. తెలియడానికి మాకు దారేది? నా వేళ్ళు ఆ చేతి కింద నలిగిపోతున్నాయి. సలోమి నా మొహం చూసి, "నొప్పిగా ఉందా ఆంటీ, తీసెయ్యనా?" అంది. వద్దన్నాను. "ఓదెలూ, ఎంత బరువున్నావయ్యా నువ్వు" అన్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

అక్టోబరు 22, బుధవారం

మధ్యాహ్నం ఓదెలు పోయాడు. యంత్రం నెడుతూనే ఉంది, ఛాతీ లేస్తూ పడుతూనే ఉంది, కళ్ళల్లో మాత్రం ఆయన లేడు. నేనే ముందు గమనించాను. సలోమిని పిలిచాను. వాళ్ళు వచ్చి యంత్రం ఆపారు.

చెయ్యి నా చేతిలోనే ఉంది. మొన్నటి నుంచీ తియ్యనివ్వలేదు నేను. అంతే బరువుగా ఉంది, ఏమీ తగ్గలేదు. ఇక తియ్యాలి ఆంటీ అంది సలోమి. కాసేపాగమన్నాను, ఆగింది. ఆ తరువాత నెమ్మదిగా ఎత్తి ఆయన పక్కన పెట్టింది.

ఆ బరువు పోగానే నా చెయ్యి దానంతట అదే పైకి తేలుతుందని చూస్తూ ఉన్నాను. ఎనిమిదేళ్ళ అలవాటు. తేలలేదు.